జతను బట్టి వెల

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో “గ్రాఫిక్స్ కార్డు ఎంత?” అని అడిగితే ఎవరైనా ఒక అంకె చెప్తారు. అనుభవం పండిన అంగడివాడు మాత్రం అంకె చెప్పేముందు బోర్డు గురించీ, కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ పెట్టె గురించీ తిరిగి మనల్నే అడుగుతాడు: “ఏ బోర్డు మీదికి? ఎస్‌ఎంపీఎస్ ఏది?” చాలామందికి ఇది ఇంకో నాలుగు సామాన్లు అంటగట్టే ఎత్తుగా కనిపిస్తుంది. నాకు మాత్రం కంప్యూటరు కూర్చుకునే విద్య అంతా ఆ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. కంప్యూటర్లో విడిగా ఏ భాగానికీ వెల లేదు. దాని పక్కన ఏది కూర్చుంటుందో, అవన్నీ కలిసి ఎవరి కోసం ఏ పని చేస్తాయో తేలాకే వెల తేలుతుంది. పెట్టె మీద అంటించిన అంకె అంగడివాడు దాన్ని ఎంతకు వదులుకుంటాడో చెప్తుంది. మనకు అది ఎంత చేస్తుందో మనమే లెక్క వేసుకోవాలి.

ఈ లెక్క మంచేనహళ్ళిలాంటి ఊళ్లో మరింత జాగ్రత్తగా వేయాలి. గౌరిబిదనూరుకూ చిక్కబళ్ళాపురానికీ నడుమ రోడ్డు మీద ఉన్న ఊరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ సీమలో డబ్బు నెల నెలా వచ్చేది కాదు. పట్టుగూళ్లు అమ్మినప్పుడో, టమోటాకు రేటు పలికినప్పుడో ఒక్కసారిగా చేతికొస్తుంది. పాల డబ్బు ఇంటి ఖర్చుకే సరిపోతుంది. అలా ఒక్కసారిగా వచ్చిన డబ్బులోంచి ఒక పెద్ద వస్తువు కొంటే, మళ్లీ అంత డబ్బు కలిసి కనిపించడానికి ఇంకో పంట రావాలి. పైగా జత కుదరని భాగం ఒకటి తెచ్చుకుంటే దాన్ని మార్చుకోవడం పక్క వీధిలో అయ్యే పని కాదు. తొండేభావిలోనో గౌరిబిదనూరులోనో రైలెక్కి, దొడ్డబళ్ళాపురం, యలహంక దాటుకుని మళ్లీ నగరానికి పోవాలి. అందుకే మేము జతలన్నీ ఇంట్లోనే, కాగితం మీదే కుదుర్చుకుంటాం.

2025 ఉగాది అయిన కొన్నాళ్లకు మా అక్క కూతురికి ఒక యంత్రం కూర్చవలసి వచ్చింది. ఆ పిల్లకు త్రీడీ బొమ్మలు చేయడం మీద గట్టి ఇష్టం. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేరులో పని నేర్చుకుంటోంది. 2002లో దాన్ని వాడేవాళ్లే తలా కొంత వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి, దాని మూలసంకేతాన్ని విడిపించి లోకానికి ఇచ్చేశారు. అప్పటినుంచీ అది అందరికీ ఉచితం. 2025 మార్చిలో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ను తీసింది ఈ బ్లెండర్‌లోనే. ఆ వార్త చదివిన రోజు మా పిల్ల కళ్లలో వెలుగు నేను చూశాను. సాఫ్ట్‌వేరుకు రూపాయి అక్కర్లేదు కాబట్టి, రెండు పంటల గూళ్ల మీద అక్క మిగిల్చిన డబ్బంతా ఇనుములోకే పోతుంది. అంత నమ్మకంగా ఇచ్చిన డబ్బును ఎక్కడ ఎంత పెట్టాలన్నది నాకు చిన్న విషయంగా తోచలేదు.

మొదటి ప్రశ్న గ్రాఫిక్స్ కార్డు దగ్గరే వచ్చింది. రెండు కార్డులు, రెండూ అప్పట్లో పాతిక వేలకు అటూ ఇటూ. ఒకటి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060. 2023లో వచ్చింది, వేగం ఎక్కువ, కరెంటు తక్కువ లాగుతుంది: 115 వాట్లు. రెండోది ఆర్‌టీఎక్స్ 3060. 2021లో వచ్చింది, 170 వాట్లు. చూస్తే ఎవరైనా కొత్తదాన్నే పట్టుకుంటారు.

“ఏం మామా, పాతదానికి కూడా దగ్గర దగ్గర అదే రేటు చెప్తా ఉండారే, ఏంటికి?” అంది పిల్ల.

జవాబు పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది. పాత కార్డు మీద 12 జీబీ మెమరీ, కొత్తదాని మీద 8. ఆట ఆడేవాడికి మామూలు తెర మీద ఎనిమిది చాలు, వాడికి 4060 మంచి బేరమే. బ్లెండర్‌లో దృశ్యం వేరు. ఒక ఊరి వీధి చేశామనుకోండి. గోడలు, చెట్లు, ఒక్కో ఆకు, వాటి మీద పూసిన చిత్రాలు, అన్నీ కలిపి కార్డు సొంత మెమరీలో పట్టాలి. పట్టినంతవరకూ కొత్త కార్డే ముందు పరిగెత్తుతుంది. పట్టకపోతే మిగిలిన భారం ర్యామ్ మీదికి పోతుంది. అప్పుడు పని నత్తనడక నడుస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. వేగంగా పరిగెత్తి మధ్యలో ఆగేదానికంటే నిదానంగానైనా చివరిదాకా చేరేది ఆ పిల్లకు విలువైనది. 3060 తీసుకున్నాం. అదే వారంలో క్రికెట్ ఆటలు ఆడుకునే కుర్రాడెవరైనా అడిగి ఉంటే రెండో ఆలోచన లేకుండా 4060 చెప్పేవాణ్ని. ఒకే అంగడి, ఒకే రోజు, ఒకే రేటు. చేతులు మారితే విలువ మారిపోయింది.

శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడ గూళ్ల నుంచి దారం తీసే రీలరు లాటులోంచి పిడికెడు గూళ్లు తీసి నొక్కి చూస్తాడు, చెవి దగ్గర ఆడించి చూస్తాడు. కిలో రేటు ఎంతన్నది అతని మనసులో రెండో లెక్క. మొదటి లెక్క రెండిట్టా: ఒక కిలో పట్టుదారం రావడానికి ఎన్ని కిలోల గూళ్లు కావాలి అన్నది. కిలో 500 పలికే లాటుకు రెండిట్టా ఎనిమిది అనుకుందాం. దారం కిలోకు గూళ్ల ఖర్చే 4,000 పడుతుంది. కిలో 560 పలికే లాటుకు రెండిట్టా ఆరున్నర అయితే 3,640 చాలు. పైకి ప్రియంగా కనిపించిన లాటే చవక. మా అక్కకు గ్రాఫిక్స్ కార్డు సంగతి తెలియదు. రెండిట్టా మాత్రం పుట్టినప్పటినుంచీ తెలుసు. 12 జీబీ ఎందుకో నేను ఆ దారిలో చెప్పగానే ఒప్పుకుంది. కంప్యూటర్ల గురించి ఇంగ్లీషులో వచ్చే పట్టికలు, గీతల బొమ్మలు చాలా చూశాను గానీ, ఇంత సూటిగా ఏదీ చెప్పలేదు. మనవాళ్లకు సాంకేతిక విషయాలు అర్థం కావని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. తమ తిండికి సంబంధించిన లెక్కలో వాళ్లు రోజూ ఇంతకంటే కష్టమైన గణితం చేస్తున్నారు.

ఇలా భాగాలు ఎంచుకునే స్వేచ్ఛ మనకు ఎట్లా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి. ఎందుకంటే ఇది మొదటినుంచీ ఉన్నది కాదు. 1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని విడిభాగాల మూటగా సుమారు నాలుగు వందల డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లు టంకం వేసి తామే అతుక్కున్నారు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. తొందరగా తీసుకురావాలన్న ఆత్రంలో ఇంటెల్ 8088 ప్రాసెసర్‌తో సహా చాలా భాగాలు బయటి కంపెనీల నుంచి తెచ్చుకుంది. యంత్రం లోపలి వివరాలను పుస్తకంగా అచ్చు వేసింది. దాంతో అందులో పట్టే కార్డులు, డ్రైవులు ఎవరైనా చేయగలిగారు. కాంపాక్ లాంటివాళ్లు యంత్రాన్నే చేసేశారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతలు పెట్టింది: బోర్డుకు మరలు ఎక్కడ పడాలి, వెనక సందులు ఎక్కడ రావాలి, ఎస్‌ఎంపీఎస్ ఎంత పరిమాణంలో ఉండాలి. ముప్పై ఏళ్లు దాటినా ఆ మర రంధ్రాలు అక్కడే ఉన్నాయి. తైవాన్ బోర్డు, కొరియా ర్యామ్, మన దేశంలో చేసిన క్యాబినెట్ ఒకదాన్నొకటి ఎన్నడూ చూడకపోయినా మా ఇంటి బల్ల మీద ఒక్క మర కూడా తేడా లేకుండా కలిశాయి. ఈ ఒప్పందం ఎంత గొప్పదో, దాన్ని వాడుకునే మనం తక్కువగా తలుచుకుంటాం.

ఒప్పందం అన్నిచోట్లా ఒకేలా నిలవలేదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ సంగతి చూడండి. ఏఎండీ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. ఇంటెల్ 2021లో ఒక సాకెట్ తెచ్చి, 2024లో మరోదానికి మారింది. అంటే బోర్డు కొనేటప్పుడు దాని వెలలో రేపటి ప్రాసెసర్ కూడా కొంత కలిసి ఉంటుంది. మేము ఏఎం4 మీద రైజెన్ 5 5600, దానికి బి550 బోర్డు తీసుకున్నాం. ప్రాసెసర్ పది వేలకు కాస్త పైన, బోర్డు దానికి కాస్త లోపల. అది వయసు మళ్లిన సాకెట్టే. అయినా దాని తర్వాతి ఏఎం5 బోర్డు, దానికి తప్పనిసరి అయిన డీడీఆర్5 ర్యామ్ కలిపితే పెరిగే ఖర్చు కార్డు మీది మెమరీని కోసేస్తుంది. ఈ పిల్ల పనిలో చివరి బొమ్మను వండేది కార్డు. ప్రాసెసర్ దానికి సామాను అందిస్తే చాలు. 5600జీ అనే తమ్ముడు కూడా ఉన్నాడు. దానికి సొంత గ్రాఫిక్స్ ఉంటుంది, కానీ కాష్ మెమరీ సగమే. విడి కార్డు కొనలేనివాడికి అది వరం, విడి కార్డు కొనేవాడికి అక్కర్లేని ఖర్చు. ఇక్కడా మళ్లీ అదే మాట.

విలువ జతలోనే ఉందనే ఈ మాటకు పెద్ద సాక్ష్యం మా దగ్గర్లోనే ఉంది: గౌరిబిదనూరు దగ్గర 1970ల్లో కట్టిన రేడియో దూరదర్శిని. భారత ఖభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి కట్టాయి. ఆ పనిలో శాస్త్రవేత్త సీహెచ్.వి. శాస్త్రిగారిది పెద్ద చెయ్యి. అందులో గాజు అద్దాలు లేవు, పెద్ద పళ్ళెమూ లేదు. తీగలతో చేసిన ద్విధ్రువాలు వెయ్యి. తూర్పు పడమరల్లో 640, దక్షిణంగా 360, టి ఆకారంలో పరిచారు. ఒక్కో తీగను విడదీసి చూస్తే బట్టలారేసే దండెంలా ఉంటుంది. దాని రేటు అడిగితే తీగ రేటే చెప్పాలి. ఆ వెయ్యింటినీ కేబుళ్లతో సరైన ఆలస్యాలు లెక్కగట్టి కలిపితే, 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను వినే చెవి అయింది. ఆ పరికరంలో విలువైనది ఏది అని ఎవరైనా అడిగితే, ఏ తీగనూ వేలుపెట్టి చూపలేం. కలిపిన తీరును చూపాలి. చదువుకునే రోజుల్లో ఆ పొలం పక్కగా పోతూ ఏదో వైరు కంచె అనుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు అదేమిటో ఎవరైనా చెప్పాలని నా కోరిక.

జాబితా అంతా రాసి అక్క ముందు పెట్టినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది. “ఇన్ని సామాన్లలో ఏది చెడితే తక్కినవాటిని కూడా చెడగొడతాది?”

పట్టుపురుగు పిల్లల్ని పెంచే చాకీ గదిలో ఒక్క తట్టకు రోగమొస్తే ఇల్లంతా పాకడం చూసినవాళ్లకే అలాంటి ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అందరికీ పంచేది అదే. అది హద్దు తప్పితే బోర్డు, కార్డు, డిస్కు, ఏదీ మిగలదు. అయినా బడ్జెట్టు దాటినప్పుడు మొదట కోత పడేది దాని మీదే, ఎందుకంటే అది కనిపించదు. రంగురంగుల లైట్లున్న ఫ్యాను కనిపిస్తుంది, గాజు తలుపు కనిపిస్తుంది, ప్రాసెసర్ పేరు నలుగురికీ చెప్పుకోవడానికి ఉంటుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ గురించి ఎవరూ మాట్లాడరు. అలాంటి వాటి మీద 500 వాట్లు అని రాసి ఉన్నా, 12 వోల్టుల దారిలో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చీటీ మీద చదివి హెచ్చవేస్తే చాలాసార్లు అంత రాదు. కార్డూ ప్రాసెసరూ తాగేది ఆ దారిలోనే.

ఎస్‌ఎంపీఎస్‌ల మీద కనిపించే 80 ప్లస్ ముద్ర గురించి కూడా ఒక మాట. 2004లో మొదలైన ఆ ముద్ర, గోడలోంచి లాగిన కరెంటులో ఎంత భాగం వేడిగా వృథా కాకుండా లోపలికి చేరుతుందో చెప్తుంది. వోల్టేజీ ఎగిరినప్పుడు ఆ ఎస్‌ఎంపీఎస్ మన బోర్డును కాపాడుతుందని ఆ ముద్ర ఎక్కడా చెప్పదు. దానికి రక్షణ వలయాలు ఉన్నాయా, వారంటీ ఎన్నేళ్లు అన్నది వేరుగా చూసుకోవాలి. నిరంతర జ్యోతి పథకంలో పంపుసెట్ల లైను, ఇళ్ల లైను వేరు చేశాక పల్లెల్లో ఇళ్ల కరెంటు చాలా మెరుగైంది. అయినా వానాకాలంలో లైను పోయి వచ్చే ఆ క్షణమే అన్నిటికంటే ప్రమాదం. అందుకే అయిదున్నర వేలు పెట్టి, అయిదేళ్ల వారంటీ ఉన్న 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకున్నాం. దానికి ముందు యూపీఎస్. అందులోనూ జత చూడాలి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు నున్నటి తరంగం ఇవ్వవు, మెట్లు మెట్లుగా ఇస్తాయి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని ఆ మెట్ల తరంగాన్ని ఒప్పుకోక ఆగిపోతాయి. రెండూ విడివిడిగా మంచివే. కలిపితే కరెంటు పోయిన క్షణాన పని చేయకపోతే రెండింటి మీదా పెట్టిన డబ్బు నీళ్లపాలు. అంగట్లోనే రెండింటినీ తగిలించి, ప్లగ్గు పీకి చూపించమని అడగాలి. మంచి అంగడివాడు కాదనడు.

ర్యామ్ దగ్గర అందరూ గిగాబైట్లు మాత్రమే అడుగుతారు. 16 జీబీ కావాలంటే ఒకటే పుల్ల ఇస్తారు. ఎనిమిదేసి రెండు తీసుకుంటే రేటు ఇంచుమించు అంతే, ప్రాసెసర్ మాత్రం రెండు దారుల్లో ఒకేసారి చదువుకుంటుంది. అప్పుడు డీడీఆర్4 ర్యామ్ చవకగా ఉంది. పదహారేసి రెండు తీసుకున్నాం. బోర్డుకు నాలుగు సందులున్నాయి, రెండు ఖాళీ ఉంచాం. అవసరం వచ్చినప్పుడు ఇంకో జత వేసుకోవచ్చని. ఆ మాట మీద ఉండగానే లోకం మారింది.

2025 రెండో సగంలో ర్యామ్ ధరలు పెరగడం మొదలైంది. సంవత్సరం చివరికి రెండు మూడు రెట్లయింది. కారణం మన ఊరికి ఎంత దూరమో చూడండి. ప్రపంచంలో ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం చేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ యంత్రాలకు హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. అదే సామర్థ్యానికి అది మామూలు డీడీఆర్5 కంటే సుమారు మూడు రెట్లు సిలికాన్ పలకను తింటుంది. కొనేవాళ్లు ఎంతైనా ఇస్తామంటే కంపెనీలు పలకలను అటు మళ్లించాయి. పాత డీడీఆర్4ను ఆపేస్తామని అంతకుముందే చెప్పేశాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ప్రకటించింది. దాదాపు మూడు దశాబ్దాలు చిన్నవాళ్ల యంత్రాల్లో కూర్చున్న పేరు అది.

ఇలాంటిది మొదటిసారి కాదు. 1993 జూలైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో కెమికల్ కర్మాగారం పేలింది. చిప్పుల మీద పోత పోసే రెసిన్‌లో ప్రపంచానికి కావలసిన దాంట్లో పెద్ద వాటా అక్కడే తయారయ్యేది. కొద్ది వారాల్లో ర్యామ్ ధర ఎగిసిపోయింది. 2011 చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చి హార్డ్ డిస్కు కర్మాగారాలు మునిగాయి. ఇక్కడ డిస్కుల రేటు రెట్టింపు దాకా పోయింది. కోవిడ్ కాలంలో క్రిప్టో తవ్వకం కోసం గ్రాఫిక్స్ కార్డులన్నీ ఎత్తుకుపోయారు. 2022 సెప్టెంబరులో ఎథేరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోగానే ఆ తవ్వకం ఆగి, అలసిపోయిన కార్డులు సెకండ్ హ్యాండ్‌లో వరదలా వచ్చాయి. టమోటా రేటు ఎక్కడో వాన పడితే చింతామణిలో మారడం మాకు అలవాటే. సిలికాన్ కూడా పంటేనని ఇన్నేళ్లలో తెలిసింది. అయితే టమోటా మరుసటి కోతకు దిగుతుంది. కర్మాగారం కట్టి చిప్పు బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ఆ ఖాళీ సందుల విషయంలో పిల్లకు నేను చెప్పిందొకటే: ఉన్న 32 జీబీలో పట్టేటట్టు దృశ్యాన్ని ముక్కలుగా చేసుకో, ఇప్పుడు కొనొద్దు. ఆమె అలాగే చేస్తోంది, నిజానికి దానివల్ల పని మరింత శుభ్రంగా వస్తోంది.

డబ్బు దగ్గర ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. అంగట్లో తరచు వినబడే మాట: “బిల్లుతోనా, బిల్లు లేకుండానా?” కంప్యూటరు భాగాల మీద జీఎస్‌టీ 18 శాతం. బిల్లు లేకపోతే అది తగ్గుతుందని ఆశ చూపిస్తారు. ప్రాసెసర్, బోర్డు మీద సాధారణంగా మూడేళ్లు, మంచి ర్యామ్ మీద అంతకంటే చాలా ఎక్కువ వారంటీ ఉంటుంది. ఆ ఏళ్లన్నీ నిలబడేది ఆ కాగితం మీదే. పైగా ఒకే బిల్లు ఇద్దరికి ఒకే రేటు కాదు. జీఎస్‌టీ నంబరు ఉండి మామూలు పద్ధతిలో పన్ను కట్టే వ్యాపారి ఆ 18 శాతాన్ని తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకుంటాడు. గూళ్లు అమ్ముకున్న డబ్బుతో కూతురికి కొనిచ్చే తల్లి పూర్తిగా మోస్తుంది. ఈ తేడా నాకు న్యాయంగా అనిపించదు. చదువుకునే పిల్లల మొదటి యంత్రం మీద పన్ను తగ్గించమని ఎవరైనా గట్టిగా అడగాలి.

పాత యంత్రాల వెల కూడా ఇలాగే వాడేవాళ్లను బట్టి మారుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువాటిని ఒకటీ అరా తప్ప ఒప్పుకోదు. దాంతో ఆఫీసుల్లోంచి తీసేసిన ఆరో, ఏడో తరం యంత్రాలు చవకగా గుట్టలు పడ్డాయి. బడికి, గ్రంథాలయానికి, కన్నడ తెలుగు టైపింగు నేర్చుకునేవాళ్లకు వాటిలో ఎస్‌ఎస్‌డీ వేసి లినక్స్ ఎక్కిస్తే ఇంకా ఏళ్లు నడుస్తాయి. పనికిరానిదని ఒకరు విసిరేసినదాన్ని ఇంకొకరి పని బతికిస్తుంది.

మానిటర్‌తో కలిపి మా అక్క కూతురి యంత్రం డెబ్బై అయిదు వేల దరిదాపుల్లో తేలింది. అందులో మూడో వంతు కార్డే. తయారు యంత్రాల జాబితాల్లో అదే డబ్బుకు మెరిసే ప్రాసెసర్ పేరు, 8 జీబీ కార్డు, ఒకే పుల్ల ర్యామ్, పేరు చెప్పని ఎస్‌ఎంపీఎస్ కనిపించాయి. వాటిని చేసినవాళ్లది తప్పని నేననను. వాళ్లకు మా పిల్ల తెలియదు, అంతే.

ఇప్పుడు నా దగ్గరికి ఊళ్లో ఫోటో స్టూడియో నడిపే ఒక తమ్ముడు వస్తున్నాడు. పెళ్లి వీడియోలు చేస్తాడు. పిల్ల యంత్రం చూసి, “అన్నా, నాకూ అచ్చం ఇదే రాసియ్యన్నా” అన్నాడు. అతనికి ఇది రాయకూడదు. అతని కొత్త కెమెరా 10 బిట్ 4:2:2 పద్ధతిలో హెచ్‌.265 ఫైళ్లు రాస్తుంది. వాటిని విప్పే పని ఈ 3060 కార్డు చేయలేదు. పదకొండో తరం తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే సొంత గ్రాఫిక్స్ ఆ పని సునాయాసంగా చేస్తుంది. ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ గ్రాఫిక్స్ తీసేశారని అర్థం, రేటు వెయ్యో రెండు వేలో తగ్గుతుంది. మా పిల్లకు అలాంటిది దొరికితే లాభమే. ఈ తమ్ముడికి ఆ వెయ్యి మిగుల్చుకోవడమంటే ప్రతి పెళ్లికీ గంటలు పోగొట్టుకోవడం.

అతని జాబితాలో మొదటి వరసలో నేను రాసింది హార్డ్ డిస్కులు, అదీ రెండు. ఒకటి పనికి, ఒకటి నకలుకు. తాళి కట్టేది ఒక్కసారే. ఆ ఫైలు పోతే మళ్లీ తీయించడానికి లేదు. రెండో డిస్కు తీసేసి మానిటర్ పెద్దది పెట్టుకుందామా అని అడిగాడు. పెట్టుకోవద్దన్నాను. ఒక్కో పెళ్లికి ఎన్ని వందల జీబీలు అవుతున్నాయో, ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లో రాసుకురమ్మన్నాను. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడు కొంటానన్నాడు. ఆలోగా అతని మెమరీ కార్డు ఒకటి తెచ్చి పిల్ల యంత్రం మీద నడిపి చూస్తాం. ఎక్కడ ఆగుతుందో, ఏ భాగం ఆపుతుందో కళ్లతో చూశాక ప్రాసెసర్ పేరు రాస్తాను. ఆ వరస ఇంకా ఖాళీగానే ఉంచాను.